డార్క్‌రూమ్ పాఠాలు – 4: టెస్ట్ స్ట్రిప్ తీయడం, చదవడం

కిందటి పాఠంలో కాంటాక్ట్ షీట్ (ఫ్రేములన్నీ ఒకే పేపర్ మీద చిన్నవిగా వేసిన ప్రింట్) దాకా వచ్చాం. ఇప్పుడు అందులోంచి ఒక్క ఫ్రేమ్ తీసుకుని 8×10 అంగుళాల ప్రింట్ చేద్దాం. దానికి ఎన్ని సెకన్ల వెలుగు కావాలో తేల్చేందుకు ముందు తీసే చిన్న పేపర్ ముక్కే టెస్ట్ స్ట్రిప్. నలుగురైదుగురు ఒకే డార్క్‌రూమ్‌లో పనిచేస్తున్నారన్న లెక్కతో ఈ పాఠం రాశాం. ఒక్కరే చేసుకున్నా కొలతలు మారవు. తొలిసారికి పట్టుబట్టి కష్టమైన నెగెటివ్ ఎంచుకోవద్దు. నీడల్లో వివరం కనిపిస్తూ, తెల్లని భాగాలు నెగెటివ్‌లో మరీ దట్టంగా నల్లబడని ఫ్రేమ్ అయితే చాలు. మనిషి ముఖం, తెల్ల చొక్కా, నల్ల జుట్టు మూడూ ఉన్న ఫ్రేమ్ దొరికితే మరీ మంచిది.

ముందు గదిని రెండుగా విడదీయండి. ఎన్‌లార్జర్లు (నెగెటివ్ బొమ్మను పెద్దది చేసి పేపర్ మీద వేసే యంత్రాలు), పేపర్ పెట్టెలు, ఫిల్టర్లు పొడి వైపు. ట్రేలు, నీళ్లు తడి వైపు. తడి చెయ్యి పొడి వైపుకి రాకూడదు. హైపో, అంటే ఫిక్సర్, అంటిన వేలు తాజా పేపర్‌ను ముట్టుకుంటే ఆ చోట బొమ్మను తేల్చే డెవలపర్ పనిచేయదు, వేలిముద్ర తెల్లగా మిగిలిపోతుంది. పటకార్లు ట్రేకి ఒకటి చొప్పున పెట్టి, దేనిది దానికే వాడండి. హైపోలో ముంచిన పటకారు డెవలపర్లో పడిందంటే ఆ ట్రే పారబోసి కొత్తది కలుపుకోవలసిందే.

రెజిన్ పూత ఉన్న మల్టీగ్రేడ్ పేపర్‌కి (ఫిల్టర్‌తో కాంట్రాస్ట్, అంటే నలుపు తెలుపుల తేడా, మార్చుకోగల పేపర్) ఇల్‌ఫోర్డ్ మల్టీగ్రేడ్ డెవలపర్ 1+9 పాళ్లలో కలపాలి. అంటే లీటరు ద్రావణానికి 100 మి.లీ. మందు, 900 మి.లీ. నీళ్లు. డెవలపర్ పనిని ఆపే స్టాప్ బాత్ ఇల్‌ఫోస్టాప్ అయితే 1+19, అంటే 50 మి.లీ.కి 950 నీళ్లు. బొమ్మను స్థిరపరిచే రాపిడ్ ఫిక్సర్ 1+4, అంటే 200కి 800. అన్నీ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. డెవలపర్లో 1 నిమిషం, స్టాప్‌లో 10 సెకన్లు, ఫిక్సర్లో 30 సెకన్లు, ఆపైన పారే నీటిలో 2 నిమిషాలు. ట్రేలోంచి ఎత్తి కారనిచ్చే చివరి 5 సెకన్లు కూడా ఆ నిమిషంలో భాగమే. లీటరు డెవలపర్ సుమారు 100 ప్రింట్లకి, లీటరు ఫిక్సర్ సుమారు 80 ప్రింట్లకి వస్తుంది (8×10 లెక్కన). గుంపుగా చేసేటప్పుడు ఎవరెన్ని వేశారో ఎవరికీ గుర్తుండదు. గోడకి ఒక కాగితం అంటించి, వేసిన ప్రతి ప్రింట్‌కీ గీత పెట్టించండి. స్ట్రిప్పులను కూడా విస్తీర్ణం చూసి అందులో కలపాలి.

కిటికీ మూసిన గదిలో గాలి ఆడే ఏర్పాటు తప్పనిసరి. స్టాప్ బాత్ ఆమ్లం ఫిక్సర్లోకి ఎక్కువగా చేరితే ఘాటైన సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. అందుకే ప్రింట్‌ను బాగా కారనిచ్చాకే తర్వాతి ట్రేలో వేయాలి. డెవలపర్‌తో చర్మం దద్దురులెక్కేవాళ్లు ఉంటారు కాబట్టి చేతులకి నైట్రైల్ తొడుగులు వేసుకోండి.

ఇక ఎన్‌లార్జర్. 35 మి.మీ. ఫిల్మ్‌కి 50 మి.మీ. లెన్స్. నెగెటివ్‌లో మెరుపు లేని వైపు ఎమల్షన్ (బొమ్మ ఉన్న పొర), అది కిందికి, పేపర్ వైపుకి ఉండాలి. దుమ్ము ఊదేశాక లెన్స్‌ను పూర్తిగా తెరిచి, పనికిరాని ప్రింట్ వెనక వైపు మీద ఫోకస్ చేయండి. అది మీ పేపరంత మందంగా ఉండటం ముఖ్యం. దీపం వేడికి నెగెటివ్ కాస్త ఉబ్బి ఫోకస్ జారుతుంది. అందుకే దీపాన్ని ఒక నిమిషం వెలగనిచ్చి, గ్రెయిన్ ఫోకసర్‌తో (ఫిల్మ్ రేణువులను పెద్దవిగా చూపే భూతద్దం) మళ్లీ సరిచూడండి. తర్వాత లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/8కి మూయండి (ఎఫ్ సంఖ్య పెరిగితే వెలుగు తగ్గుతుంది), ఫిల్టర్ 2 పెట్టండి.

ఇప్పుడు అసలు పని. 8×10 పేపర్‌ను సుమారు 2 అంగుళాల వెడల్పు ముక్కలుగా కత్తిరించండి. ముక్కను బొమ్మలో ఏదో ఒక మూల పడేయకండి. ముఖ్యమైన తెలుపూ ముఖ్యమైన నలుపూ రెండూ దాని మీద పడాలి. ఇంకా మంచి పద్ధతి, వీలైనంతవరకు ప్రతి మెట్టులోనూ (వేరే సెకన్ల వెలుగు పడే ప్రతి పట్టీలోనూ) ముఖం పడేలా స్ట్రిప్‌ను అడ్డంగానో నిలువుగానో తిప్పి పెట్టుకోవడం. ఒక మెట్టులో చొక్కా, ఇంకో మెట్టులో గోడ పడితే పోల్చడానికి ఏముంటుంది?

5, 10, 15, 20, 25 సెకన్లు అంటూ సమానంగా పెంచుకుంటూ పోయే అలవాటు చాలామందికి ఉంటుంది. దాన్ని మానేయండి. 5 నుంచి 10కి ఒక పూర్తి స్టాప్ తేడా, అంటే వెలుగు రెట్టింపు. 20 నుంచి 25కి సుమారు మూడో వంతు స్టాపే. మొదటి మెట్లు ఎగిరెగిరి పడతాయి, చివరివి ఒకేలా కనిపిస్తాయి. మెట్టు మెట్టుకీ అర స్టాప్ తేడా రావాలంటే 4, 5.7, 8, 11.3, 16 సెకన్లు తీసుకోవాలి. స్ట్రిప్ మొత్తానికి ముందు 4 సెకన్లు ఇవ్వండి. నల్ల అట్టతో ఐదో వంతు మూసి 1.7, ఐదింట రెండు వంతులు మూసి 2.3, మూడు వంతులు మూసి 3.3, నాలుగు వంతులు మూసి 4.7 సెకన్లు. అట్ట పేపర్‌ను తాకకూడదు, కదపకూడదు. ఫిలమెంట్ బల్బు పూర్తి వెలుగుకి రావడానికి కొంత క్షణం తీసుకుంటుంది కాబట్టి ఐదు ముక్కలుగా ఇచ్చిన 16 సెకన్లు, ఒకే ధాటిగా ఇచ్చిన 16 సెకన్లంత నల్లగా రావు. దీపం ఆర్పకుండా, సెకన్లు లెక్కపెట్టుకుంటూ అట్టను జరిపితే ఈ తేడా పోతుంది.

డెవలపర్లోకి స్ట్రిప్‌ను ఒక్క ఊపున జార్చి, ట్రే ఒక మూల ఎత్తి దించుతూ ఉండండి. కాసేపటికే బొమ్మ తేలుతుంది. నల్లబడిపోతోందని కంగారుపడి ముందే తీయకండి. నిమిషం నిండకపోతే నలుపు తన పూర్తి లోతుకి చేరదు, మరకలు మరకలుగా వస్తుంది. దానికన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. స్ట్రిప్ 40 సెకన్లకే తీసి, ప్రింట్ మాత్రం 60 సెకన్లు ఉంచితే ఆ స్ట్రిప్ చెప్పిన సమయం దేనికీ పనికిరాదు. గుంపులో పదేపదే జరిగే తప్పు ఇదే. కాబట్టి తడి వైపు గడియారం ఒకరి చేతిలోనే పెట్టి, అందరి స్ట్రిప్పులకీ ఆ ఒక్కరే సమయం పిలవాలి.

ఫిక్సర్ అయ్యాక నీళ్లలో కడిగి, పైనీళ్లు తుడిచి తెల్ల దీపం కింద చూడండి. తడి ప్రింట్ ఆరాక కొంచెం ముదురుతుంది. రెజిన్ పేపర్లో తక్కువ, ఫైబర్ పేపర్లో ఎక్కువ. చూసే దీపం మరీ ప్రకాశంగా ఉంటే ప్రింట్లు అన్నీ ముదురుగా తేలతాయి. ప్రింట్ ఎలాంటి వెలుగులో గోడకెక్కబోతుందో దాదాపు అలాంటి వెలుగులోనే చూడండి.

చదివే క్రమం మార్చకండి. మొదట తెలుపు. చొక్కా మడతలు సన్నగా, ఇంకా తెల్లగా అనిపిస్తూనే కనబడే మెట్టు ఏదో వెతకండి. మీ సమయం అదే. తర్వాత అదే మెట్టులో నలుపు చూడండి. జుట్టు బూడిదగా ఉంటే ఫిల్టర్ పెంచాలి, ముద్దగా నల్లబడితే తగ్గించాలి. నలుపు కోసం సమయం పెంచితే తెల్ల చొక్కా మురికిదేలుతుంది. సమయం తెలుపుది, ఫిల్టర్ నలుపుది. మల్టీగ్రేడ్ ఫిల్టర్లలో 00 నుంచి 3½ దాకా సమయం మార్చనక్కర్లేదు, 4 నుంచి 5కి రెట్టింపు ఇవ్వాలి. అయినా ఫిల్టర్ మార్చిన ప్రతిసారీ చిన్న స్ట్రిప్ ఒకటి తీసి సరిచూడటం మంచిది. ఐదు మెట్లూ నల్లగానే వస్తే ఎఫ్/16కి మూయండి, అన్నీ తెల్లగా వస్తే లెన్స్ తెరవండి.

సమయం తేలాక పూర్తి పేపర్ వేయండి. ఎక్స్‌పోజ్ చేసే ముందే వెనక మెత్తని పెన్సిల్‌తో మీ పేరు, ఫ్రేమ్ నంబరు, ఎఫ్ సంఖ్య, సెకన్లు, ఫిల్టర్, ఎన్‌లార్జర్ హెడ్ ఎత్తు రాయండి. ట్రేలోకి పడ్డాక ఎవరి ప్రింట్ ఏదో చీకట్లో తెలియదు. తర్వాత సైజు మారిస్తే సమయం కూడా మారుతుంది. కొత్త పెద్దింపుకి 1 కలిపి వర్గం చేసి, పాత పెద్దింపుకి 1 కలిపి చేసిన వర్గంతో భాగించండి. 35 మి.మీ. ఫ్రేమ్ మొత్తం 8×10లో పట్టాలంటే దాదాపు 7 రెట్లు, 5×7లో 5 రెట్లు. 36ని 64తో భాగిస్తే 0.56. అంటే 16 సెకన్లు 9 సెకన్లవుతాయి.

బొమ్మ మొత్తం మీద బూడిద పొర కనిపిస్తే తెల్ల అంచు చూడండి. అంచు తెల్లగా ఉండి బొమ్మ మాత్రమే చప్పగా ఉంటే తక్కువ కాంట్రాస్టో, లెన్స్ మీద మసకో కారణం. అంచు కూడా బూడిదైతే పాత పేపరో, సేఫ్‌లైటో (పేపర్‌ను పాడుచేయకుండా పని చూసుకోవడానికి వెలిగించే మసక దీపం) కారణం. ఏదో తేల్చడం సులువు. ఎక్స్‌పోజ్ చేయని ముక్కను రెండుగా చించి, ఒకటి నేరుగా ఫిక్సర్లో, రెండోది పూర్తి చీకట్లో డెవలప్ చేసి ఫిక్సర్లో వేయండి. రెండోది బూడిదగా వస్తే పేపర్ పాతబడింది. రెండూ ఒకేలా ఉంటే సేఫ్‌లైట్‌ను అనుమానించాలి. ఒక ముక్కకి ఎన్‌లార్జర్‌తో లేత బూడిద వచ్చేంత వెలుగు ఇచ్చి, మీద నాణెం పెట్టి, సేఫ్‌లైట్ కింద 5 నిమిషాలు ఉంచి డెవలప్ చేయండి. నాణెం గుండ్రం కనబడితే దీపం దూరం పెంచండి, లేదా బల్బు తగ్గించండి. 15 వాట్ల బల్బు, కనీసం 1.2 మీటర్ల దూరం సురక్షితం. తొలిగా లేత బూడిద ఎందుకంటే, ఏ వెలుగూ తగలని పేపర్ సేఫ్‌లైట్ వేసిన కొద్దిపాటి మసకను బయటికి కనబడనివ్వదు. పరీక్ష గెలిచినట్టు అనిపించి, ప్రింట్లు మాత్రం పాడవుతాయి.

అభ్యాసం: ఇదే నెగెటివ్‌కి 1, 2½, 4 ఫిల్టర్లతో మూడు ప్రింట్లు చేయండి. మూడింటిలోనూ చొక్కా తెలుపు ఒకేలా రావాలి. దాని కోసం 4 దగ్గర సమయం రెట్టింపు చేయడం మరిచిపోకండి. మూడు ప్రింట్లూ, వాటి స్ట్రిప్పులూ ఆరబెట్టి ఒకే కవర్లో పెట్టి ఉంచండి. వచ్చే పాఠంలో వాటి మీదే అట్టముక్కతో కొంత భాగం లేతచేయడం, కొంత ముదరబెట్టడం మొదలుపెడతాం.