సున్నం గుంతలు కడిగించే ముందు: తోళ్ళ ఫ్యాక్టరీలో జాగ్రత్తలు

గుంతలు, ట్యాంకులు, మురుగు కాలువలు కడిగించే రోజులు దగ్గరపడ్డాయంటే ముందు లెక్క చూసుకోవాల్సింది పారలూ బకెట్లూ కాదు. గత రెండు మూడు రోజుల్లో ఏ కాలువలోకి ఏ నీళ్ళు వదిలారన్నది.

పచ్చితోళ్ళ వెంట్రుక ఊడటానికి సున్నం, సోడియం సల్ఫైడ్ కలిపిన నీళ్ళలో నానబెడతారు. సున్నం ఘాటు ఉన్నంతసేపూ సల్ఫైడ్ ఆ నీళ్ళలోనే అణిగి ఉంటుంది. తర్వాత తోలు కుళ్ళకుండా క్రోమ్ (క్రోమియం ఉప్పు) పట్టించే ముందు ఉప్పు, సల్ఫ్యూరిక్ యాసిడ్ పెడతారు. ఈ యాసిడ్ నీళ్ళూ ఆ సున్నం నీళ్ళూ ఒకే కాలువలో కలిశాయా, హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాసు పైకొచ్చేస్తుంది. అందుకే రెండింటికీ వేరు వేరు కాలువలు ఉండాలి. శుభ్రం చేసే రోజున ఆ వైపు డ్రమ్ములన్నీ (తోళ్ళు వేసి తిప్పే పెద్ద పీపాలు) ఆపి, వాల్వులకు తాళం వేసి, తాళంచెవి లోపలికి దిగేవాడి జేబులోనే ఉంచాలి. పక్క షెడ్డులో ఎవరో తెలియక డ్రమ్ము ఖాళీ చేస్తే చాలు, లోపలివాడి ప్రాణం పోయినట్టే.

ఇక అడుగున పేరుకున్న బురద సంగతి. యాసిడ్ తగలకపోయినా గాలాడక కుళ్ళి అదే గ్యాసును లోపల దాచుకుంటుంది. పైనుంచి చూస్తే గుంత నిమ్మళంగా ఉంటుంది. పార గుచ్చి కెలికినప్పుడు బయటపడుతుంది.

ఈ గ్యాసు కొద్దిగా ఉంటే కుళ్ళిన కోడిగుడ్డు కంపు. గాలిలో పది లక్షల పాళ్ళకు 100 పాళ్ళు చేరేసరికి ముక్కు మొద్దుబారి ఆ కంపు తెలియకుండా పోతుంది. 500 దాటితే నిమిషాల్లో కూలబడతారు. 1000 దగ్గర ఒకటి రెండు ఊపిర్లు చాలు. "వాసన పోయిందిగా, ఇక దిగు" అనే సూపర్‌వైజరు మాట అస్సలు వినొద్దు. దీపం దించి చూడటం కూడా పనికిరాదు. ఈ గ్యాసుకు దీపం ఆరిపోదు సరికదా, ఎక్కువుంటే భగ్గున అంటుకుంటుంది.

అన్నిటికన్నా మంచిది మనిషిని దించకపోవడమే. పంపు పెట్టి, పొడుగు గొట్టంతో నీళ్ళు కొట్టి, బయటి నుంచే బురద తోడించండి. తప్పదనుకుంటే గాలికన్నా బరువైన గ్యాసు కాబట్టి బ్లోయరు గొట్టం అడుగుదాకా వెళ్ళాలి. గ్యాసు మీటరును తాడుతో దించి పైన, మధ్యన, అడుగున మూడుచోట్లా చూడాలి. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకూడదు, హైడ్రోజన్ సల్ఫైడ్ కనిపించకూడదు. బురద కదిలితే లెక్క మారిపోతుంది కనుక దిగినవాడి ఛాతీ మీద మీటరు పని అయ్యేదాకా ఉండాలి, మోగగానే పైకి వచ్చేయాలి. ముక్కుకు కట్టుకున్న గుడ్డ, దుమ్ము మాస్కు ఈ గ్యాసును ఆపవు.

నడుముకూ భుజాలకూ బెల్టు, పైన లాగే గిలక, దాని దగ్గర కదలకుండా ఒక మనిషి. లోపలివాడు పడిపోతే అతను లాగాలే తప్ప దిగకూడదు. చెప్పడం తేలిక, కింద ఉన్నది తమ్ముడైతే ఆగడం కష్టం. ఇలాంటి మూసిన చోట్ల చనిపోయినవాళ్ళలో 60 శాతానికి పైగా కాపాడబోయి దిగినవాళ్ళేనని అమెరికాలో పనివాళ్ళ భద్రత మీద పరిశోధన చేసే నియోష్ సంస్థ 1986లోనే హెచ్చరించింది. గాలి సిలిండరు వీపున లేకుండా ఎవరూ దిగకూడదు.

ఒంటి సంగతికొస్తే, ప్యాంటు అంచు గమ్ బూట్ల లోపల దోపుకోవడం చాలామంది చేసే తప్పు. కారిన సున్నం నీళ్ళు నేరుగా బూటులోకి దిగి, సాయంత్రానికి పాదం మీది చర్మం ఊడివస్తుంది. ప్యాంటు బూటు మీదుగా బయటికే ఉండాలి. లోపల తడిసిన గ్లవ్‌జు వెంటనే మార్చాలి, వాటితో పనిచేయడం ఒట్టి చేతులకన్నా చేటు. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్ళు పోస్తూ కడగాలి, ఆ తర్వాతే ఆసుపత్రి. యాసిడ్ కలిపేటప్పుడు నీళ్ళలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్ళు కాదు.

క్రోమ్ దగ్గర పనిచేసేవాళ్ళు చేతులమీది చిన్న గీరుడు గాయానికి కూడా కట్టుకట్టుకునే దిగాలి. వేలి కణుపుల దగ్గర గుండ్రంగా, లోతుగా, నొప్పి లేకుండా పుండు పడితే "నొప్పి లేదుగా" అని వదిలేయొద్దు. బఫింగ్ (తోలును గరుకు కాగితంతో రుద్ది నునుపు చేయడం) దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదడం మానేసి వ్యాక్యూమ్‌తో తీయాలి. తోలు దుమ్ము ముక్కు క్యాన్సర్‌కు కారణమని తేలిన సంగతే.

పచ్చితోళ్ళ మూటలు మోసేవాళ్ళకు ఇంకోటి. మెడ మీదో, చేతి మీదో దురదగా లేచిన పొక్కు నొప్పి లేకుండా మధ్యలో నల్లగా చెక్కు కడితే అది ఆంత్రాక్స్ కావచ్చు. తొందరగా మందు పడితే తగ్గుతుంది. డాక్టరు అడిగేదాకా ఆగకుండా "నేను పచ్చితోళ్ళు ముట్టుకునే పని చేస్తాను" అని మీరే ముందు చెప్పండి.