తిండి పేర్ల వెనక ప్రయాణం – 3వ పాఠం: వేరుశనగకు పొరుగువాళ్లు పెట్టిన పేర్లు

ముందు పోయినసారి ఇచ్చిన అభ్యాసం సంగతి చూద్దాం. మొక్కజొన్న ఏ పాత తిండి పేరును అరువు తెచ్చుకుందో కనుక్కోమన్నాను. జవాబు జొన్న. మొక్కజొన్న పుట్టిల్లు మెక్సికో. అది ఓడెక్కి ఇక్కడికి వచ్చేసరికి మన పొలాల్లో జొన్న ఉంది కాబట్టి ఆ పేరుకే ముందొక మాట చేర్చి పిలిచారు. ఇక జొన్న కూడా ఇక్కడ పుట్టింది కాదు, వేల ఏళ్ల కిందట ఆఫ్రికా నుంచి వచ్చింది. ఈ రెండో ముక్క కూడా రాసుకున్నవాళ్లు చాలా ముందున్నట్టే.

ఇప్పటిదాకా రెండు పనులు నేర్చుకున్నాం. ఒకటి పేరును ముక్కలు చేయడం, రెండోది అందులో దాక్కున్న పాత తిండిని పట్టుకోవడం. మిరపకాయలో మిరియాన్ని పట్టుకున్నది అలాగే. ఈ పాఠంలో మూడో పని: అదే తిండిని పక్క భాషలవాళ్లు ఏమంటారో అడగడం. నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇదే. ఒక భాష మరిచిపోయిన దారిని ఇంకో భాష గుర్తు పెట్టుకుంటుంది.

వేరుశనగతో చేసి చూద్దాం. నోటుబుక్కులో ఆ మాట రాసి, కింద మనవాళ్ల పేర్లే ముందు రాయండి. రాయలసీమలో శెనక్కాయలు, తెలంగాణలో పల్లీలు. శెనక్కాయలో ఉన్నది శనగే. పల్లీ మాత్రం హిందీ మూంగ్‌ఫలీలోని ఫలీకి దగ్గరి చుట్టం, అంటే కాయ. ఇక పక్క రాష్ట్రాలకు వెళ్దాం. తమిళంలో నిలక్కడలై, అంటే నేలశనగ. కన్నడంలో కడలెకాయి, అక్కడా కడలె అంటే శనగే. మూడు భాషలవాళ్లకీ ఈ కొత్త గింజను చూడగానే శనగే గుర్తొచ్చిందన్నమాట.

తమిళంలో దీనికి ఇంకో పేరుంది, మణిలాక్కొట్టై. మనీలా గింజ అని. బెంగాలీలో చీనాబాదాం, చైనా బాదం అని. ఇక్కడ కాసేపు ఆగండి. మనీలా ఫిలిప్పీన్స్‌లో ఉంది. 1571 నుంచి అది స్పెయిన్‌వాళ్ల కేంద్రం, మెక్సికోలోని అకపుల్కో రేవు నుంచి అక్కడికి ఏటా ఓడలు వచ్చేవి. అంటే అమెరికా ఖండాల సరుకు తూర్పు దారిన కూడా మనవైపు రాగలదు. మన వేరుశనగ అన్న మాటలో ఈ దారి జాడే లేదు, తమిళం ఒక్క మాటలో దాచి ఉంచింది.

అయితే ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. పేరులో ఊరు కనబడగానే అదే పుట్టిల్లు అనుకుంటారు. పేరులోని ఊరు సాధారణంగా ఆ సరుకు మన చేతికొచ్చే ముందు ఆగిన మజిలీ, లేదా జనం అలా అనుకున్న చోటు. బంగాళాదుంప బెంగాల్‌ది కాదు, దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలది. టర్కీ కోడినే చూడండి. ఇంగ్లీషువాళ్లు టర్కీ అన్నారు, టర్కీవాళ్లు హిందీ, అంటే ఇండియాది, అంటారు, పోర్చుగీసువాళ్లు పెరూ అంటారు. పక్షి మాత్రం మెక్సికోది! అందుకే ఊరి పేరు దొరికితే నోటుబుక్కులో ‘మజిలీ’ అన్న గడిలో రాయండి, ‘పుట్టిల్లు’ గడిని ఖాళీగా ఉంచండి.

ఆ గడి నింపాలంటే ఆ పంటకు అడవి చుట్టాలు ఎక్కడ పెరుగుతున్నాయో చూడాలి. వేరుశనగకు తల్లిదండ్రుల్లాంటి రెండు అడవి జాతులు దక్షిణ బొలీవియా, ఉత్తర అర్జెంటీనా వైపు ఉన్నాయి. పుట్టిల్లు అక్కడే. ఇంకో సాక్ష్యం పెరూలో ఉంది. 1987లో సిపాన్ దగ్గర వాల్టర్ ఆల్వా బృందం సుమారు 1,700 ఏళ్ల నాటి, మోచే అనే ప్రాచీన పెరూ నాగరికత పాలకుడి సమాధి తవ్వింది. ఆయన మెడలో హారం ఉంది. దాని పూసలన్నీ వేరుశనగ కాయలే, ఒక పక్క బంగారువి, ఇంకో పక్క వెండివి. కాయ మధ్యలో నొక్కు, పైన గళ్ల గరుకుతో సహా పోత పోసినట్టున్నాయి. మనం సాయంత్రం పూట ఉప్పేసి ఉడకబెట్టుకునే కాయను అంత గౌరవంగా మెడలో వేసుకున్నారు! ఆ హారం ఫొటో చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

మన దగ్గరా ఒక చోటుంది. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ విత్తన భాండాగారంలో శనగనూ, వేరుశనగనూ ఒకే కప్పు కింద భద్రపరుస్తున్నారు. శనగ పుట్టింది ఇప్పటి టర్కీ ఆగ్నేయ ప్రాంతంలో. పేరు ఇచ్చినదీ, పుచ్చుకున్నదీ రెండూ వలస వచ్చినవే.

చివరగా పేరు మొదటి ముక్కను కూడా వదలొద్దు. ‘వేరు’ అన్నారు కదా, నిజమేనా? వీలైతే చేలో ఒక మొక్క పీకి మన్ను దులిపి చూడండి. వేళ్లకు ఉన్నవి చిన్న బుడిపెలు, గాలిలోని నత్రజనిని పట్టే సూక్ష్మజీవుల ఇళ్లు. కాయలు వేళ్లకు లేవు. పసుప్పచ్చ పువ్వు నేలపైనే పూసి, ఆ తర్వాత పువ్వు అడుగు నుంచి సన్నని ఊడ కిందికి దిగి, దాని కొన మట్టిలో కాయగా ఊరుతుంది. ఊడలు దిగే వేళకు రైతులు జిప్సం వేసేది అందుకే, కాయ తనకు కావలసిన కాల్షియాన్ని చుట్టూ ఉన్న మట్టి నుంచే నేరుగా తీసుకుంటుంది. తమిళులు ‘నేల’ అన్నారు, మనం ‘వేరు’ అన్నాం. ఈ ఒక్క విషయంలో తమిళ పేరుకే నా ఓటు.

వచ్చే పాఠానికి అభ్యాసం: జీడిమామిడి. ముందు ముక్కలు చేయండి. ‘జీడి’ అన్న పేరు అంతకుముందు ఏ చెట్టుదో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, చాకలివాళ్లు బట్టలకు గుర్తు పెట్టే గింజ గురించి వాళ్లకు తెలిసి ఉండొచ్చు. తర్వాత మలయాళంలో ఈ చెట్టును పరంగిమావు అంటారని రాసుకుని, ఆ ‘పరంగి’ ఎవరో ఆలోచించండి. మజిలీ గడి, పుట్టిల్లు గడి రెండూ నింపుకుని రండి.