రష్యా కారు నంబర్‌లో చివరి అంకెలు చదవడం ఎలా?

రష్యాలో కారు నంబర్ ప్లేటుకి కుడి చివర గీత గీసి విడిగా ఓ చిన్న గడి ఉంటుంది. కింద జెండా, పైన రెండో మూడో అంకెలు. ఆ అంకెలే ప్రాంతం కోడ్. 77 మాస్కో, 78 సెయింట్ పీటర్స్‌బర్గ్, 16 కజాన్ ఉన్న తాతర్‌స్తాన్, 46 కుర్స్క్.

మూడంకెలు కనిపిస్తే కంగారు పడకండి. చివరి రెండంకెలు చూస్తే దాదాపు ఎప్పుడూ సరిపోతుంది: 116 అయినా 716 అయినా 16 కిందే లెక్క. కోడ్‌కి ముందుండే మూడు అక్షరాలు, మూడు అంకెలతో ఒక్కో కోడ్ మీద 17 లక్షల పైచిలుకు నంబర్లే వస్తాయి. ఎందుకంటే రష్యన్, ఇంగ్లిష్ రెండింటిలోనూ ఒకేలా కనిపించే 12 అక్షరాలే వాడతారు. పెద్ద ఊళ్లలో ఆ నంబర్లు అయిపోయి కొత్త కోడ్‌లు ఇచ్చారు. మాస్కోకైతే 97, 99, 177, 199, 777, 799... ఇలా చాలానే ఉన్నాయి.

అక్కడ మెడిసిన్ చదివే మన పిల్లలకి ముఖ్యంగా చెప్పేదేంటంటే, ట్యాక్సీ ఎక్కే ముందు యాప్‌లో చూపిన అక్షరాలు, అంకెలు, కోడ్ అన్నీ సరిపోల్చుకోండి. మిగతాదంతా ఒకటే అయి కోడ్ మాత్రం తేడాగా ఉంటే అది వేరే కారే. యాప్‌లో ఉన్నదే వేరే ప్రాంతం కోడ్ అయితే మాత్రం భయం అక్కర్లేదు. 2013 నుంచి కారు చేతులు మారినా పాత ప్లేటే ఉంచుకోవచ్చు కాబట్టి, కజాన్ వీధుల్లో మాస్కో నంబర్ కనిపించడం మామూలే.

నల్ల ప్లేటు ఉంటే అది సైన్యం బండి, దాని కోడ్‌కి ఈ లెక్క పనిచేయదు.