పెన్‌డ్రైవ్‌లో పట్టని ఒక్క ఫైలు

పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ ఎక్కించడానికి, ఉబుంటు (లినక్స్ రకపు ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న నా డెస్క్‌టాప్‌లో 16 జీబీ పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32 అనే ఫైల్ సిస్టమ్ (డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి)తో ఫార్మాట్ చేసి, విండోస్ ఐఎస్ఓ (ఇన్‌స్టాలేషన్ డిస్కు మొత్తం ఒకే ఫైలుగా ఉండే రూపం)లోని ఫైళ్లన్నీ అందులోకి కాపీ చేస్తుండగా, చోటు ఎంతో మిగిలి ఉన్నా, సోర్సెస్ ఫోల్డరులోని ఇన్‌స్టాల్.విమ్ (విండోస్ అసలు ఫైళ్లన్నీ కుదించి ఉంచిన ఫైలు) దగ్గర పని ఆగిపోయింది. పెన్‌డ్రైవ్ పాడైందనుకుని మరొకటి కొనబోయాను కూడా. అసలు కారణం వేరు: ఫ్యాట్32లో ఏ ఒక్క ఫైలూ 4 జీబీకి మించరాదు, ఈ ఫైలేమో అంతకంటే పెద్దది. పెన్‌డ్రైవ్‌ను ఎన్‌టీఎఫ్ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్‌కు మారిస్తే ఫైలు పడుతుంది గాని, కంప్యూటర్ ఆన్ చేయగానే మొదట నడిచే యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్లలో చాలా వరకు ఎన్‌టీఎఫ్ఎస్‌ను చదవలేవు, అప్పుడు పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కాదు. అందువల్ల ఉబుంటులో విమ్ ఫైళ్లతో పనిచేసే విమ్‌టూల్స్ ప్యాకేజీ వేసుకుని, విమ్‌లిబ్-ఇమేజెక్స్ స్ప్లిట్ ఆదేశంతో ఆ ఫైలును 3800 ఎంబీకి మించని ఎస్‌డబ్ల్యూఎం (విడగొట్టిన విమ్) ముక్కలుగా విడగొట్టి, మూల ఫైలుకు బదులు వాటిని అదే ఫోల్డరులో ఉంచాను. ఇన్‌స్టాలర్ వాటిని తనంతట తానే గుర్తించింది.