విదేశాల్లోని పాత తుపాకీని అమెరికాకు చట్టబద్ధంగా ఎలా తెప్పించుకోవాలి?

విదేశీ వేలంలో నచ్చిన పాత రైఫిల్‌ను సేకరణ కోసం కొనదలచిన అమెరికా నివాసి, డబ్బు చెల్లించకముందే, అది ఏ ఏడాదిలో, ఏ దేశంలో, ఎవరి కోసం తయారైందో రుజువులతో సహా తేల్చుకోవాలి. ఏ ఫారం నింపాలి, దాన్ని ఎవరు నింపాలి, అసలు అనుమతి దొరుకుతుందా అన్నవి ఈ వివరాలను బట్టే తేలుతాయి.

1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం ప్రకారం 1898లో గానీ అంతకుముందు గానీ తయారైన తుపాకీ పురాతన వస్తువు. దాని దిగుమతికి తుపాకుల వ్యవహారాలు చూసే సమాఖ్య సంస్థ ఏటీఎఫ్ అనుమతి అక్కర్లేదు కానీ, తయారీ ఏడాదిని కస్టమ్స్ అధికారులకు రుజువు చేయవలసింది కొన్నవారే. ఆ తర్వాత తయారై, కనీసం 50 ఏళ్లు నిండి, అసలు రూపంలోనే ఉన్న తుపాకీ సాధారణంగా ‘క్యూరియో ఆర్ రెలిక్’ (సేకరణ విలువ ఉన్న పాత తుపాకీ, క్లుప్తంగా క్యూరియో) వర్గంలోకి వస్తుంది.

ఏడాదిని నిర్ణయించేటప్పుడు లెక్కలోకి వచ్చేది రిసీవర్ (పేల్చే యంత్రాంగాన్ని పట్టి ఉంచే ప్రధాన లోహ భాగం) తయారైన తేదీ. ఫిన్లాండ్ సైన్యం వాడిన ఎం39 రైఫిల్ బ్యారెల్ మీద 1942 అని ఉన్నంత మాత్రాన అది పురాతనమైనది కాదని అనుకోకూడదు. వాటిలో చాలావాటిని పాత రష్యన్ రిసీవర్లతోనే కట్టారు, కాబట్టి చెక్క భాగాన్ని విప్పి చూస్తే రిసీవర్ వెనుక తోక అడుగున 1890ల నాటి ముద్ర కనిపించవచ్చు. అందువల్ల ఆ ముద్ర, సీరియల్ నంబరు, తయారీదారు గుర్తులు స్పష్టంగా కనిపించే ఫొటోలను అమ్మకందారు నుంచి ముందే అడిగి తీసుకోవాలి. ఈ ఒక్క పనిలో ఓపిక చూపితే తర్వాతి చిక్కులు చాలావరకు తప్పుతాయి.

లైసెన్సు లేని వ్యక్తి క్యూరియో తుపాకీని నేరుగా తెప్పించుకోలేరు. తన రాష్ట్రంలోని లైసెన్సు ఉన్న డీలరు లేదా దిగుమతిదారు ద్వారా తెప్పించుకోవాలి. తరచూ సేకరించేవారికి టైప్ 03 సేకరణకర్త లైసెన్సు మేలు. 21 ఏళ్లు నిండినవారు ఫారం 7సీఆర్‌తో దరఖాస్తు చేయవచ్చు. మూడేళ్లకు రుసుము 30 డాలర్లు. ఈ లైసెన్సు సొంత సేకరణకే గానీ వ్యాపారానికి చెల్లదు.

తర్వాత ఆ లైసెన్సుదారు ఏటీఎఫ్‌కు దిగుమతి అనుమతి దరఖాస్తు అయిన ఫారం 6 సమర్పించాలి. తయారీదారు, మోడల్, క్యాలిబర్, సీరియల్ నంబరు, తయారైన దేశం, ఎగుమతి చేసే దేశం అన్నీ అమ్మకందారు పత్రాలతో అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. తిరస్కరణ ఎక్కడ ఎదురవుతుందో కూడా ముందే తెలుసుకోవాలి. అమెరికా తన సాయంగా విదేశీ ప్రభుత్వాలకు ఇచ్చిన ఎం1 గారండ్ వంటి సైనిక రైఫిళ్లు తిరిగి రావడం చాలా కష్టం. మెషిన్ గన్‌ను వ్యక్తిగత సేకరణకు అసలు అనుమతించరు. క్యూరియో పిస్తోలు ఎంత పాతదైనా క్రీడా వినియోగానికి తగినదని, పరిమాణం వంటివి చూసే పరీక్షలో తేలాలి. 1968 తర్వాత వాల్తర్ పీపీకే అనే చిన్న జర్మన్ పిస్తోలు దిగుమతి ఆగిపోవడానికి, కొంచెం ఎత్తు పెంచిన పీపీకే/ఎస్ పుట్టడానికి ఆ పరీక్షే కారణం. అమెరికా ఆయుధ దిగుమతులను నిషేధించిన దేశాల్లో తయారైన క్యూరియోలైతే, దిగుమతికి ముందు ఐదేళ్లపాటు నిషేధం లేని దేశంలో ఉన్నాయని ధ్రువీకరించాలి.

ఏటీఎఫ్ అనుమతి వచ్చినా ఎగుమతి చేసే దేశం విడిగా ఇచ్చే లైసెన్సు లేకుండా తుపాకీ కదలదు. పిడికి ఏనుగు దంతం అతికించి ఉంటే వన్యప్రాణి చట్టాలు అడ్డొస్తాయి. ఒక్కోసారి ఆ పిడే మొత్తం కొనుగోలును వదులుకోవడానికి తగిన కారణమవుతుంది.

కస్టమ్స్ సుంకం లెక్క వేరు. నూరేళ్లు దాటిన వస్తువు సుంకాల పట్టికలోని 9706 శీర్షిక కింద పురాతన వస్తువుగా సుంకం లేకుండా రావచ్చు. కానీ 1910లో తయారైన రైఫిల్‌కు ఆ మినహాయింపు దొరికినా ఫారం 6 తప్పదు. సొంత రాష్ట్ర చట్టాలు మరింత కఠినంగా ఉండవచ్చు కనుక వాటినీ ముందే చూసుకోవాలి.

తుపాకీ రేవుకు చేరాక అనుమతి పత్రంతో పాటు, విడుదల వివరాలు నమోదు చేసే ఫారం 6ఏ చూపించి విడిపించుకోవాలి. విడుదలైన 15 రోజుల్లోగా, పూర్తిచేసిన 6ఏ ప్రతిని ఏటీఎఫ్‌కు పంపి, లైసెన్సు ఉన్న సేకరణకర్త ఆ వివరాలను తన రికార్డు పుస్తకంలో నమోదు చేయాలి.