మేడ మీది ఎరువు కుండీని బూజు రేగకుండా తిరగేసే విధానం

బెంగళూరు అపార్ట్‌మెంట్లలో తడి చెత్తను మేడ మీదే ఎరువుగా మార్చుకునే మన తెలుగు కుటుంబాలు చాలామంది, కుండీ తిరగేసేటప్పుడు లేచే ధూళిని ఒట్టి మట్టిగానే భావిస్తారు. కుళ్లుతున్న ఆకుల మీద పెరిగే ఆస్పర్జిల్లస్ ఫ్యుమిగాటస్ అనే బూజు సిద్ధబీజాలు అందులో ఉండవచ్చు. ఊపిరితిత్తులకు సోకే ఈ శిలీంధ్రాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అత్యంత కీలకమైన వర్గంలో చేర్చింది.

అలైంగికంగా పుట్టే ఈ సిద్ధబీజాలు (కొనిడియాలు) రెండు మూడు మైక్రాన్ల పరిమాణంలోనే ఉండడం వల్ల గాలిలో తేలుతూ ఎంతో దూరం ప్రయాణిస్తాయి. ఖండాలు వేరైనా ఈ బూజు దాదాపు అంతటా కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం. అందువల్ల పొడి ఎరువును ఎన్నడూ తిరగేయకూడదు. ముందుగా నీళ్లు చిలకరించి, పిడికిట నొక్కితే ముద్ద కట్టేంత చెమ్మ వచ్చిన తరువాతే, గాలి తక్కువగా ఉన్న వేళ, ఎన్95 మాస్కు ధరించి నెమ్మదిగా కలపాలి. జల్లెడ పట్టడం ఇంతకంటే ప్రమాదకరమైన పని కనుక, దానిని కిటికీలకు దూరంగా, ఎరువు చెమ్మగా ఉండగానే ముగించాలి.

కుండీ వేడెక్కింది కాబట్టి బూజు చచ్చిపోయి ఉంటుందన్న ధీమా తగదు. 1863లో వర్ణించిన నాటి నుంచి లైంగిక ప్రత్యుత్పత్తి లేదనుకున్న ఈ బూజులో, డబ్లిన్ గాలి నుంచి సేకరించిన రెండు భిన్న సంయోగ రకాలను (ఒకదానితో ఒకటి జతకట్టగల రకాలను) ఓట్స్ అగార్ అనే ప్రయోగశాల పోషక జెల్లీ మీద చీకటిలో, 30 డిగ్రీల వద్ద ఆరు నెలలు కలిపి పెంచినప్పుడు ఆస్కోస్పోర్లు (లైంగికంగా పుట్టే సిద్ధబీజాలు) ఏర్పడ్డాయని 2009లో ప్రచురితమైన పరిశోధన నిరూపించింది. ఆ ఆస్కోస్పోర్లు 70 డిగ్రీల వేడిని సైతం తట్టుకుంటాయి. ఇంటి కుండీ అంత వేడెక్కడమే అరుదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. లైంగిక కలయికలో జన్యువులు కలగలిసి, మందులకు లొంగని గుణం కొత్త రకాలకు సంక్రమించగలదు. మొక్కలకు చల్లే హెక్సాకొనజోల్, టెబుకొనజోల్ అనే బూజు మందులూ, ఈ బూజు సోకిన రోగికిచ్చే వోరికొనజోల్ మందూ ఒకే కోవకు చెందినవి. అటువంటి మందులకు లొంగని రకాలు మన దేశపు నేలల్లోనూ ఉన్నట్లు 2012లో వెల్లడైంది. కాబట్టి ఆ మందులు చల్లిన ఆకులనూ కొమ్మలనూ కుండీలో వేయకుండా విడిగా పారవేయాలి.

ఉబ్బసం ఉన్నవారు, స్టెరాయిడ్లు వాడుతున్నవారు, కీమోథెరపీ లేదా అవయవ మార్పిడి చేయించుకున్నవారు ఈ పనిని ఇంట్లో మరొకరికి అప్పగించాలి. దగ్గు, ఆయాసం వారాల తరబడి తగ్గకపోతే, మీరు ఎరువు కుండీతో పని చేస్తున్న సంగతిని వైద్యునికి తప్పక చెప్పాలి.