హైదరాబాద్‌లు రెండున్నాయి: బయటి దేశం నుంచి వచ్చి ఇక్కడ సైకాలజీ పరిశోధన మొదలుపెట్టేవారికి

అద్దె ఇల్లు, సిమ్ కార్డు అయ్యాక చూసుకోవాల్సింది లైబ్రరీ లాగిన్. మీ పాత యూనివర్సిటీ ఇచ్చినది ఏదో ఒకరోజు చెప్పకుండానే ఆగిపోతుంది. ఇక్కడ ప్రభుత్వ విద్యాసంస్థలో చేరితే ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద, అంటే 2025 జనవరి నుంచి నడుస్తున్న పథకం కింద, 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు చదువుకోవచ్చు. అవి చదవడానికి. వెతకడానికి పనికొచ్చే సైక్‌ఇన్ఫో, అంటే సైకాలజీ పేపర్ల డేటాబేస్, ఉందా, హాస్టల్ నుంచి కూడా తెరుచుకుంటుందా అని లైబ్రరీలో విడిగా అడగండి. లేకపోతే పబ్‌మెడ్ అనే డేటాబేస్ ఉచితమే, కానీ వైద్యం వైపు మొగ్గు ఎక్కువ.

ఇక వెతకడం. నేను మొదట్లో ‘హైదరాబాద్‌లో ఇంటర్ పిల్లలకు ఒత్తిడి ఎందుకు’ అన్నంత పొడుగు ప్రశ్నను ఇంగ్లిష్‌లోకి మార్చి కొట్టేవాణ్ని. వచ్చిన పేపర్లలో ఒకటి తెరిచి, ‘మన ఊరిదే’ అని సంబరపడి లైబ్రరీ సార్‌కి చూపించాను. ఆయన కళ్లద్దాలు పైకి తోసి, ‘హైదరాబాద్‌లు రెండున్నయ్ బాబూ. ఇది సింధ్‌ది, పాకిస్తాన్. నీకెందుకు?’ అన్నారు.

ఆయన చెప్పిందే ఇప్పటికీ పాటిస్తున్నాను. డేటాబేస్‌కి మీ ప్రశ్న అర్థం కాదు, పేపర్ రాసినవాళ్లు వాడిన మాటలే దానికి తెలుసు. ఊరి పేరు పక్కన ‘ఇండియా’ చేర్చాలి. ‘తెలంగాణ’ ఒక్కటే కొడితే 2014 జూన్‌కి ముందు ఇక్కడ చేసిన పనంతా దాదాపు జారిపోతుంది, అప్పట్లో రాసింది ‘ఆంధ్రప్రదేశ్’ అనే కదా. రెండింటినీ ‘ఆర్’ (OR) అనే మాటతో కలిపి బ్రాకెట్లో పెట్టండి. ‘ఇంటర్మీడియట్’ అని కొడితే బయటివాళ్ల లెక్కలో అది మధ్య స్థాయి. ‘జూనియర్ కాలేజ్’, ‘హయ్యర్ సెకండరీ’, ‘ప్రీ యూనివర్సిటీ’ అన్నీ వేసి చూడాలి. కౌమారానికి ‘అడాలసెన్’ వరకు ఇంగ్లిష్‌లో రాసి చివర నక్షత్రం గుర్తు (*) పెడితే అడాలసెంట్, అడాలసెన్స్ రెండూ వస్తాయి. గూగుల్ స్కాలర్‌లో మాత్రం ఈ గుర్తు పనిచేయదు.

మాటలు కాలంతో మారతాయి, సైకాలజీలో మరీను. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీనే చూడండి. 1984లో పెట్టినప్పుడు దాని పేరులో ‘మెంటల్లీ హ్యాండీక్యాప్డ్’ ఉండేది, ఇప్పుడు ‘ఇంటలెక్చువల్ డిజెబిలిటీస్’. పాత పేరుకి పొట్టిరూపం ఎన్‌ఐఎంహెచ్. అమెరికాలోని మానసిక ఆరోగ్య సంస్థదీ అదే పొట్టిరూపం కాబట్టి ఆ అక్షరాలు కొడితే రెండూ కలిసిపోతాయి. మానసిక రుగ్మతల నిర్ధారణకు వాడే అమెరికా మాన్యువల్ డీఎస్‌ఎం–5 కూడా 2013లోనే ‘మెంటల్ రిటార్డేషన్’ని వదిలింది. మీరు మాట్లాడేటప్పుడు ఆ పాత మాట వాడకండి, వెతికేటప్పుడు తప్పదు. సైక్‌ఇన్ఫోలో థిసారస్, పబ్‌మెడ్‌లో మెష్ ఉన్నవి ఇందుకే: ఒక భావానికి ఒకే అధికారిక పదం కట్టిపెడతాయి. అయితే కొత్తగా చేరిన పేపర్లకు ఆ పదం ఇంకా తగిలించి ఉండకపోవచ్చు, మామూలు మాటతో కూడా కొట్టండి.

పనికొచ్చే పేపర్ ఒక్కటి దొరికినా స్కాలర్‌లో దాని కింద ‘సైటెడ్ బై’ నొక్కి, తర్వాత ఎవరెవరు దాన్ని పట్టుకున్నారో చూడండి. నాకు సగం పేపర్లు అలా దొరికినవే.

తెలుగువాళ్ల మీద చేసిన పని చాలావరకు పెద్ద జర్నళ్లకు ఎక్కలేదు. భారతీయ యూనివర్సిటీల థీసిస్‌లు దాచే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో పడి ఉంది, ఉచితంగా. కొన్నిటి స్కానింగ్ వంకరగా ఉంటుంది, ఓపిక పట్టండి. నేనైతే ముందు చివరి పేజీలకే వెళ్తాను, తెలుగులోకి మార్చిన ప్రశ్నావళి చాలాసార్లు అనుబంధంలోనే ఉంటుంది. దాన్ని వాడుకోవాలంటే మాత్రం మూల ప్రశ్నావళి హక్కుదారుకీ, అనువదించినవారికీ ఈమెయిల్ పెట్టి అడగాలి.